ఉంగరాల జుట్టుకి పెళ్ళి ముందు స్ట్రెయిటనింగ్ చేయించాలా? నీళ్ళు, నూనె, దువ్వెన సంగతులు

చదివే మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీది రాజమండ్రి. పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి హాస్టల్లో చేరినప్పటి నుంచి జుట్టు బిరుసెక్కి, పైకి లేచిపోయి, దువ్వితే చేతిలోకి ఊడి వస్తోంది. అమ్మేమో "నూనె పెట్టి జడ వేసుకోవే" అంటున్నారు. ఆఫీసులో వాళ్ళు కెరటిన్ (జుట్టుని సాఫీ చేసే పార్లర్ ట్రీట్‌మెంట్) చేయించుకోమంటున్నారు. మూడు నెలల్లో మీ పెళ్ళి. ఫొటోల్లో బాగుంటుందని అత్తగారి వైపు నుంచి కూడా స్ట్రెయిటనింగ్ మాట వచ్చింది. ఏం చేయాలన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. స్ట్రెయిటనింగ్ వద్దు, కెరటిన్ కూడా వద్దు. మూడు నెలలు మీకు సరిపోతాయి. చేయాల్సినవి మూడే పనులు. ఆఖరిసారి జాడించే నీళ్ళు మార్చండి. తలస్నానం చేస్తూ కండీషనర్ జుట్టు మీద ఉన్నప్పుడే చిక్కు తీయండి, ఆరిన జుట్టుని దువ్వెనతో ముట్టుకోవద్దు. తలకి నూనె పట్టించేది తలస్నానానికి ముందే, తర్వాత కాదు (ఆరాక చేతికి రాసుకునే రెండు చుక్కల సంగతి వేరు). ఇంతకు మించి నేను రాసేదంతా వీటికి కారణాలు, జాగ్రత్తలు.

నేను హైదరాబాద్‌లో కొన్నేళ్ళు సెలూన్లలో పనిచేసి, ఇప్పుడు విశాఖలో సొంతంగా పార్లర్ నడుపుతున్నాను. అటు పొడిగాలి ఊరు, ఇటు సముద్రం గాలి ఊరు, రెండిట్లోనూ రింగుల జుట్టు ఎలా ప్రవర్తిస్తుందో రోజూ చేతులతో చూసిన అనుభవం ఇది. నాదీ రింగుల జుట్టే.

ముందు మీ జుట్టు ఎందుకు మారిందో చూద్దాం. రాజమండ్రిలో మీ ఇంటి కుళాయికి వచ్చేది గోదావరి నీళ్ళు. హైదరాబాద్‌లో గచ్చిబౌలి, మాదాపూర్ వైపు హాస్టళ్ళలో స్నానానికి ఎక్కువగా బోరు నీళ్ళు, అవి చాలకపోతే ట్యాంకరు నీళ్ళు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగే నీటి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే దారి లేనిచోట 600 వరకు ఒప్పుకుంటుంది. స్నానం నీళ్ళని ఎవరూ కొలవరు. ఆ లవణాలు వెంట్రుక మీద పొరగా పేరుకుంటాయి. వెంట్రుక గరుకవుతుంది, ఒకదానికొకటి రాసుకుని చిక్కు పడుతుంది, షాంపూ నురగ రాదు, కండీషనర్ ఎంత పెట్టినా పట్టదు. మీరు "ఏ ప్రోడక్టూ పనిచేయట్లేదు" అన్నారు చూడండి, దానికి ముఖ్య కారణం ఇదే అని నా అంచనా.

నీళ్ళ సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు ఖాళీ సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో సగం దాకా బాత్రూమ్ నీళ్ళు, ఇంకోదాంట్లో సగం దాకా తాగే క్యాను నీళ్ళు. రెండిట్లోనూ చిటికెడు ఒంటిసబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. క్యాను నీళ్ళ సీసాలో నురగ పైకి లేచి నిలబడుతుంది. బాత్రూమ్ నీళ్ళ సీసాలో నురగ అంతంత మాత్రంగా ఉండి, నీళ్ళు తెల్లగా విరిగినట్టు కనిపిస్తే అవి కఠిన జలం. మీ బకెట్టు అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి ఉప్పు గారలా కట్టిందేమో కూడా చూడండి. అదే గార మీ జుట్టు మీదా ఉంది.

దీనికి ఖరీదైన పని ఏమీ అక్కర్లేదు. తలస్నానం అంతా బోరు నీళ్ళతోనే కానివ్వండి, చివరి రెండు మూడు మగ్గులు మాత్రం తాగే క్యాను నీళ్ళు పోసుకోండి. మొదటి నెల రెండు వారాలకోసారి, లీటరు మంచి నీళ్ళలో ఒక చెంచా నిమ్మరసం వడకట్టి కలిపి, షాంపూ అయ్యాక జుట్టు పొడవునా పోసి, రెండు నిమిషాలు ఉంచి కడిగేయండి. ఆ పులుపు కాల్షియం పొరని కరిగిస్తుంది. తల మీద పుండో గీరుడో ఉంటే నిమ్మరసం జోలికి పోవద్దు. చెంచా కంటే ఎక్కువ పిండితే లాభం పెరగదు, మంటే పెరుగుతుంది. గార బాగా ముదిరిపోతే ఈడీటీఏ (లవణాలని పట్టి వదిలించే రసాయనం) ఉన్న కఠిన జలం షాంపూలు దొరుకుతాయి, నెలకోసారి చాలు. షవరుకి తగిలించే చిన్న ఫిల్టర్ల గురించి చాలామంది అడుగుతారు. వాటిలో ఎక్కువ భాగం క్లోరిన్‌ని తగ్గిస్తాయి తప్ప కాఠిన్యాన్ని తగ్గించవు. దానికి రెసిన్ ఉన్న సాఫ్టెనర్ కావాలి, హాస్టల్లో అది మీ చేతిలో ఉండదు. కాబట్టి క్యాను నీళ్ళే నయం.

ఇక జుట్టు సంగతి. మన కుదుళ్ళలో వెంట్రుక పుట్టే గొట్టం నిటారుగా ఉంటే సాఫీ జుట్టు వస్తుంది, వంపు తిరిగి ఉంటే ఉంగరాలు తిరుగుతుంది. అడ్డంగా కోసి చూస్తే సాఫీ వెంట్రుక గుండ్రంగా, ఉంగరాల వెంట్రుక కాస్త నొక్కినట్టు కోలగా కనిపిస్తుంది. తలలో ఊరే సహజమైన నూనె సాఫీ వెంట్రుక మీద జారుతూ చివరిదాకా చేరుతుంది. వంపు వంపుకీ ఆగాల్సి రావడం వల్ల మన జుట్టు చివర్లకి అది చేరదు. అందుకే కుదుళ్ళు జిడ్డుగా, చివర్లు ఎండిపోయి ఉంటాయి. ఇది రోగం కాదు, మీరు సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చిందీ కాదు. ఈ రకం జుట్టు తీరే అంత. చిన్నప్పుడు గుండు చేయించి ఉంటే సాఫీగా వచ్చేదని మీ పెద్దమ్మ అన్నారని రాశారు. తిరుపతిలో ఎన్నిసార్లు తలనీలాలిచ్చినా కుదురు వంపు మారదు. పసిపిల్లల పుట్టు వెంట్రుకలు పోయి గట్టి జుట్టు వచ్చే వయసులోనే మనం గుండు చేయిస్తాం, ఆ మార్పు గుండు వల్లే వచ్చిందనిపిస్తుంది, అంతే.

ఇంకొక్క విషయం తెలిస్తే మిగతాదంతా మీకే తెలిసిపోతుంది. వెంట్రుక లోపల కెరటిన్ అనే ప్రోటీన్ పోగుల్ని పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు ఒక రకం. నీళ్ళు తగలగానే అవి విడిపోతాయి, ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ ముడిపడతాయి. అంటే మీ జుట్టు రేపు ఎలా ఉండాలో ఈ రోజు అది తడిగా ఉన్న గంటా రెండు గంటల్లోనే తేలిపోతుంది. ఆరిపోయాక దువ్వితే ఒక్కటిగా అతుక్కుని ఉన్న పాయలు విడిపోయి, వెంట్రుక వెంట్రుకా విడిగా లేచి, తలంతా పొంగిపోతుంది. మీరు దాన్ని బిరుసు అనుకుని ఇంకా దువ్వుతున్నారు.

సరే, తలస్నానం రోజు ఏం చేయాలో వరసగా చెప్తాను. వారానికి రెండుసార్లు చాలు, జిమ్‌కి వెళ్ళేవాళ్ళయితే మూడుసార్లు. పొద్దున ఆఫీసు హడావుడిలో పెట్టుకోవద్దు, సాయంత్రం ఏడు గంటలకల్లా తలస్నానం అయిపోతే నిద్రపోయే లోపు ఆరుతుంది.

జుట్టు తడవకముందు వేళ్ళతో పెద్ద పెద్ద ముడులు మాత్రం విడదీయండి. షాంపూని మగ్గులో కాసిని నీళ్ళతో కలిపి పల్చన చేసి, కుదుళ్ళకి మాత్రమే పట్టించండి. గోళ్ళతో కాదు, వేలి కొసలతో రుద్దాలి. మన ఇళ్ళలో తలంటే అలవాటు ఎలాగంటే జుట్టంతా నడినెత్తికి తెచ్చి రెండు చేతులతో గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దుతాం. సాఫీ జుట్టు దాన్ని తట్టుకుంటుంది, మన జుట్టు అక్కడే చిక్కుముడి పడిపోతుంది. జుట్టు కిందికి వేలాడుతూనే ఉండాలి. కుదుళ్ళ నుంచి జారే నురగే చివర్లని శుభ్రం చేస్తుంది.

ఇప్పుడు కండీషనర్. సాఫీ జుట్టు వాళ్ళు రూపాయి బిళ్ళంత తీసుకుంటారు, మీకు అరచేతి నిండా కావాలి. చెవుల కింద నుంచి చివర్ల దాకా పట్టించండి, కుదుళ్ళకి వద్దు. చేత్తో పట్టుకుంటే జుట్టు జారుతూ పోవాలి, పోకపోతే కాసిని నీళ్ళు చిలకరించండి. చిక్కు తీయాల్సింది ఇక్కడే, ఈ ఒక్కచోటే. పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన తీసుకుని అడుగు నుంచి మొదలుపెట్టండి. చివరి జానెడు దువ్వి, అది సాఫీ అయ్యాక ఇంకో జానెడు పైకి. పై నుంచి కిందికి లాగితే ముడులన్నీ కిందికి జరిగి ఒక్కటే గట్టి ముడి అవుతుంది. దువ్వెనలోకి ఎక్కువ వెంట్రుకలు వచ్చాయని భయపడకండి. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. సాఫీ జుట్టు వాళ్ళకి అవి రోజూ నేల మీద రాలిపోతాయి, మనకి ఉంగరాల్లో చిక్కుకుని ఉండి తలస్నానం రోజు ఒక్కసారే బయటపడతాయి. మూడు రోజులవి ఒకే పిడికిట్లో కనిపిస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

కడిగేశాక జుట్టుని పిండొద్దు, తువ్వాలు చుట్టొద్దు. తల ముందుకి వంచండి, నీళ్ళు కారుతూ ఉండాలి. రెండు అరచేతులకీ జెల్ రాసుకుని, జుట్టుని రెండు చేతుల మధ్య పెట్టి పై నుంచి కిందికి నిమరండి. తర్వాత చివర్లని అరచేతిలో పోగు చేసి పైకి, కుదుళ్ళ వైపు గుప్పిట పట్టి నొక్కండి. తడి సరిపోతే పచక్ పచక్ మని చప్పుడు వస్తుంది. చప్పుడు రాకపోతే తడి చాలలేదని అర్థం, ఇంకో దోసెడు నీళ్ళు చల్లుకోండి. అలా నొక్కుతూ ఉండగానే విడివిడిగా ఉన్న వెంట్రుకలు కలిసి వేలెడంత లావు పాయలుగా చుట్టుకోవడం మీకే కనిపిస్తుంది. పార్లర్‌కి మొదటిసారి వచ్చిన అమ్మాయిలు చాలామంది అద్దంలో ఆ పాయల్ని చూసి, తమ జుట్టు ఇలా తిరుగుతుందని తమకే తెలియదంటారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే.

తర్వాత పాత కాటన్ పంచె ముక్కో, నలిగిన కాటన్ బనీనో తీసుకుని, కింద నుంచి పైకి అద్దుతూ కారే నీళ్ళు మాత్రం పీల్చేయండి. టర్కీ తువ్వాలు గరుకు పోగులు పాయల్ని చీలుస్తాయి. ఇక వదిలేయండి. ఆరేదాకా చెయ్యి పెట్టొద్దు, పాపిట సర్దొద్దు, ఎండిందా లేదా అని తడిమి చూడొద్దు. పచ్చిగా ఉన్న వడియాన్ని కదిపితే ఏమవుతుందో మీకు తెలుసు, ఇదీ అంతే. పూర్తిగా ఆరాక జెల్ వల్ల జుట్టు కాస్త గట్టిగా, పెళుసుగా ఉంటుంది. అప్పుడు రెండు చుక్కల కొబ్బరి నూనె అరచేతులకి రాసుకుని, మళ్ళీ అలాగే గుప్పిట పట్టి మెల్లగా నొక్కితే ఆ గట్టిదనం పోయి మెత్తటి ఉంగరాలు మిగులుతాయి. హెయిర్ డ్రయర్ వాడక తప్పకపోతే డిఫ్యూజర్ మూతి (గాలిని చెదరగొట్టే చిల్లుల మూతి) తగిలించి, తక్కువ వేడి మీద పెట్టండి.

జెల్ కొనక్కర్లేదు. అవిసె గింజలతో ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడు పెద్ద చెంచాల గింజలు, రెండు కప్పుల నీళ్ళు, సన్న సెగ. కలుపుతూ ఉంటే ఏడెనిమిది నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, అప్పుడు దించేయండి. వేడి మీదే పల్చటి వాయిల్ గుడ్డలో వడకట్టాలి, చల్లారితే గుడ్డలోంచి దిగదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. వాసన మారితే పారేయండి. హాస్టల్లో పొయ్యి లేదంటారేమో, ఆదివారం ఎవరైనా చుట్టాలింటికి వెళ్ళినప్పుడు చేసుకుని ఐసు ట్రేలో గడ్డ కట్టించి తెచ్చుకోండి, వాడేటప్పుడు రెండు గడ్డలు కరిగించుకుంటే సరి.

నూనె గురించి. మీ అమ్మగారు చెప్పింది ముప్పాతిక వంతు నిజం. కొబ్బరి నూనెలో ఉండే లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుంది. 2003లో ముంబయిలోని మారికో పరిశోధకులు కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడిటినీ పోల్చి చూస్తే, జుట్టులోంచి ప్రోటీన్ పోకుండా కాపాడింది కొబ్బరి నూనె ఒక్కటే అని తేలింది. ఆ కంపెనీ అమ్మేదే కొబ్బరి నూనె అన్నది గుర్తు పెట్టుకోవాలి, కానీ పార్లర్‌లో నేను చూసింది కూడా దానికి తగ్గట్టే ఉంది. తలస్నానానికి ముందు పెట్టిన నూనె, వెంట్రుక నీళ్ళు పీల్చి ఉబ్బకుండా ఆపుతుంది. కాబట్టి ముందు రోజు రాత్రో, రెండు గంటల ముందో రెండు చెంచాల నూనె, ముఖ్యంగా చివర్లకి పట్టించి వదులుగా జడ వేసుకోండి. మిగతా పాతిక వంతు ఎక్కడ తేడా అంటే, తలస్నానం చేసి ఆరబెట్టిన జుట్టుకి మళ్ళీ కారేలా నూనె పెట్టి, బిగించి జడ వేసి, వారమంతా అలా ఉంచడం. దుమ్ము పట్టి, దాన్ని వదిలించడానికి గట్టి షాంపూ వాడి, మళ్ళీ ఎండిపోయి, మళ్ళీ నూనె. ఆముదాన్ని విడిగా వాడొద్దు, అది మరీ జిగురు, నాలుగు వంతుల కొబ్బరి నూనెలో ఒక వంతు చాలు.

చుండ్రు ఉంటే మాత్రం కుదుళ్ళకి నూనె పెట్టకండి. చుండ్రుకి కారణమైన మలసీజియా అనే శిలీంధ్రానికి నూనెలే ఆహారం. చివర్లకి పెట్టుకోండి, తలకి మందుల షాపులో దొరికే కీటోకొనజోల్ షాంపూ ఎలా వాడాలో డాక్టర్ని అడగండి.

కుంకుడుకాయలు వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు. వాటిలోని సపోనిన్ల వల్ల నురగ వస్తుంది, సబ్బులాగా కఠిన జలంలో విరిగిపోయి అంటుకోదు, ఆ విధంగా హైదరాబాద్ నీళ్ళకి మంచిదే. కానీ కుంకుడు రసం నూనెని నిలువునా లాగేస్తుంది. నూనె బాగా పెట్టిన రోజు, నెలకి ఒకటి రెండుసార్లు వాడి, తర్వాత కండీషనర్ తప్పకుండా పెట్టండి. కుంకుడు పొడి మాత్రం వద్దు, ఉంగరాల్లో ఇరుక్కుని పొద్దుటికి చుండ్రులా రాలుతుంది. గింజ తీసిన కాయలు వేడి నీళ్ళలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడకట్టిన రసమే వాడాలి. మెంతుల ముద్దదీ ఇదే ఇబ్బంది. మెంతులు నానబెట్టిన జిగురు నీళ్ళు వాడుకోండి, ముద్ద వద్దు. అన్నిటికంటే నాకు నచ్చేది మందారాకు. గుప్పెడు ఆకులు కొద్ది నీళ్ళలో చేత్తో నలిపితే చిక్కటి ఆకుపచ్చ జిగురు వస్తుంది. వడకట్టి జుట్టుకి పట్టిస్తే దువ్వెన వెన్నలో దిగినట్టు దిగుతుంది. రాజమండ్రిలో మీ పెరట్లో మందార చెట్టు ఉండే ఉంటుంది, అమ్మని అడగండి. గుడ్డు, ఉల్లిరసం జోలికి వెళ్ళక్కర్లేదు. గోరింటాకు పెళ్ళి ముందు జుట్టుకి వద్దు, అది వెంట్రుకలోని కెరటిన్‌కి అతుక్కుని, ఇప్పటికే ఉన్న పొడిదనాన్ని ఇంకా పెంచుతుంది.

2సి, 3ఎ, 3బి అంటూ జుట్టు రకాలు చదివి మీది ఏదో తేలక తికమకపడుతున్నానని రాశారు. ఆ అంకెల పద్ధతి అమెరికాలో ఆండ్రే వాకర్ అనే హెయిర్ స్టయిలిస్టు 1990ల్లో పెట్టింది. ఒకే తలలో ముందు నొక్కులు, వెనక రింగులు ఉండటం మన దగ్గర చాలా మామూలు. అంకె తేలకపోయినా నష్టం లేదు. షాంపూల్లో నురగకి కలిపే సల్ఫేట్, కండీషనర్లలో జారుడుకి కలిపే సిలికాన్ అసలు ముట్టుకోకూడదన్న నియమాలు కూడా అంతగా పట్టించుకోకండి. రోజూ సల్ఫేట్ షాంపూ వద్దు. బోరు నీళ్ళ ఊళ్ళో, నూనె పెట్టే తలకి అప్పుడప్పుడూ అది కావాలి.

ఇప్పుడు స్ట్రెయిటనింగ్ సంగతి, ఎందుకంటే మీకు అసలు ఒత్తిడి అక్కడుంది. రెండు వేరు వేరు పనులని ముందు తెలుసుకోండి. రీబాండింగ్, స్మూతెనింగ్ అనేవాటిలో థయోగ్లైకోలేట్ లాంటి మందుతో వెంట్రుక లోపలి సల్ఫర్ బంధాలనే తెంచి, ఇస్త్రీ చేసి, మళ్ళీ అతికిస్తారు. ఆ జుట్టు ఇక ఉంగరం తిరగదు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే పెళ్ళి తర్వాత ఆరు నెలలకి మీ నెత్తిన ఆరు సెంటీమీటర్ల ఉంగరాలు, కింద సాఫీ జుట్టు. రెండూ కలిసే చోట వెంట్రుక బలహీనంగా ఉంటుంది, అక్కడే తెగుతుంది. భుజాల దాకా కొత్త జుట్టు రావడానికి రెండేళ్ళ పైనే పడుతుంది. ఈ మధ్యలో చాలామంది విసిగి మళ్ళీ మళ్ళీ చేయించుకుంటారు.

కెరటిన్ అని పిలిచేది ఇంకోటి. పేరు చూసి జుట్టుకి ప్రోటీన్ ఎక్కిస్తారని అనుకుంటారు. చాలా మందుల్లో పని చేసేది ఫార్మాల్డిహైడ్, లేదా వేడి తగిలితే దాన్ని వదిలే రసాయనం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ఫార్మాల్డిహైడ్‌ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా తేల్చింది. ఏసీ గది తలుపులు మూసి, 200 డిగ్రీలు దాటిన ప్లేటుతో ఒక్కో పాయా నొక్కుతుంటే లేచే పొగకి కళ్ళు మండేది అందుకే. అది కస్టమర్ ఒక్కపూట పీలిస్తే, చేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది. ఆ పనిని నా పార్లర్‌లో పెట్టకపోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. "ఫార్మాల్డిహైడ్ లేదు" అని రాసినవాటిలో గ్లైయాక్సిలిక్ ఆమ్లం ఉండొచ్చు. అలాంటి స్ట్రెయిటనింగ్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న కేసుల్ని ఇజ్రాయెల్ వైద్యులు 2023లో, ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రచురించారు. అందరికీ అలా జరుగుతుందని కాదు. పెళ్ళి ముందు ఆ సందేహం నెత్తిన పెట్టుకోవడం దేనికి అంటున్నాను.

ఫొటోలకి సాఫీ జుట్టే కావాలని అత్తగారు మరీ పట్టుబడితే, రిసెప్షన్ ఒక్క సాయంత్రానికి బ్లో డ్రై చేయించుకోండి. వేడి నుంచి కాపాడే సీరం రాయించండి. తర్వాతి తలస్నానంతో మీ ఉంగరాలు మీకొచ్చేస్తాయి. కానీ ఒక మాట. నిత్యా మీనన్, అనుపమ పరమేశ్వరన్ లాంటివాళ్ళు రింగుల జుట్టుతోనే తెర మీద కనిపించాక, ఫొటోలు పట్టుకుని "ఇలా కావాలి" అని వచ్చేవాళ్ళున్నారు. చిన్నప్పుడు బడిలో "సాయిబాబా" అని ఏడిపించిన జుట్టునే ఇప్పుడు డబ్బులిచ్చి తిప్పించుకుంటున్నారు. మీకు పుట్టుకతో ఉన్నదాన్ని మీ పెళ్ళిలో మీరు దాచుకోవడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది. అత్తగారితో ఈ మాట మీరే చెప్పక్కర్లేదు, మీవారికి చెప్పి ఆయన చేత చెప్పించండి.

కటింగ్ ఇప్పుడే చేయించుకోండి, పెళ్ళి దగ్గరపడ్డాక వద్దు. చిట్లిన చివర్లు ఒకటి రెండు అంగుళాలు తీయించండి. తడిగా ఉన్నప్పుడు సాగి ఉన్న జుట్టు ఆరాక ముడుచుకుని పైకి పోతుంది, అనుకున్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. అందుకే కత్తెర పెట్టే ముందు జుట్టు ఆరబెట్టి, ఉంగరాలు ఎక్కడ పడుతున్నాయో చూసి కత్తిరించమని అడగండి. "జుట్టు ఒత్తుగా ఉంది, పల్చన చేస్తాను" అని పళ్ళ కత్తెర తీస్తే వద్దనండి, ఆ పొట్టి వెంట్రుకలే తర్వాత పైకి లేచి నిలబడతాయి.

రాత్రి పడుకునేటప్పుడు జుట్టంతా నడినెత్తికి తెచ్చి వదులుగా ఒక గుడ్డ బ్యాండుతో కట్టుకోండి. కాటన్ దిండు గలేబు తడినీ పీల్చేస్తుంది, పాయల్నీ చెరిపేస్తుంది. సాటిన్ గలేబు మంచిది, లేదా చిరిగిన పాత పట్టుచీర ముక్కతో అమ్మ చేత ఒకటి కుట్టించుకోండి. స్కూటీ మీద వెళ్ళేటప్పుడు హెల్మెట్ కింద మెత్తటి సిల్కు స్కార్ఫ్ కట్టుకోండి. మర్నాడు పొద్దున దువ్వకుండా, స్ప్రే సీసాలో నీళ్ళు, అర చెంచా కండీషనర్ కలిపి చిలకరించి గుప్పిటతో నొక్కితే చాలు.

పెళ్ళి రాజమండ్రిలోనే కాబట్టి గాలిలో తేమ ఉంటుంది. హైదరాబాద్‌లో పనిచేసిన, జుట్టుకి రాసే గ్లిజరిన్ క్రీములు అక్కడ తేమని లాగి జుట్టుని పొంగిస్తాయి. విశాఖలో నా అనుభవమూ అదే. వారం ముందే ఇంటికి వెళ్తే క్రీము తగ్గించి జెల్ పెంచండి.

గుండ్రంగా ఒకచోట జుట్టు పోయినా, నుదుటి దగ్గర పాపిట వెడల్పవుతున్నా, మూడు నెలల్లో ఈ పద్ధతులన్నీ పాటించినా ఊడటం తగ్గకపోయినా చర్మ డాక్టర్ని కలవండి, రక్తం, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. అది నూనెతో, జెల్‌తో తేలే పని కాదు.

ఇక పెళ్ళి రోజు. మంగళస్నానానికి నలుగు పెట్టి, తలకి నూనె అంటి తలంటుతారు. పొద్దున ముహూర్తమైతే జుట్టు ఆరే టైము ఉండదు, తడిజుట్టుకి పూలజడ బిగిస్తే లోపల ముక్కిపోతుంది, కుదుళ్ళూ నొప్పెడతాయి. అందుకని అసలు తలస్నానం ముందు రోజే చేసి, పైన చెప్పినట్టు ఆరబెట్టుకోండి. పెళ్ళి పొద్దున పెద్దవాళ్ళు నడినెత్తిన చుక్క నూనె అంటి, నాలుగు చుక్కల నీళ్ళు చిలకరిస్తే ఆచారం తీరిపోతుంది, అమ్మతో ముందే మాట్లాడి పెట్టుకోండి. జడ వేసేవాళ్ళతో ముందు ఉంగరాలు అలాగే వదిలి వెనక నుంచి మాత్రమే అల్లమనండి. సవరం, జడగంటలు, పూలు కలిపి బరువు చాలా ఉంటుంది. అదంతా మీ జుట్టుకే వేలాడకుండా కుదుళ్ళ దగ్గర చిన్న ముడి వేసి, పిన్నులతో ఆ ముడికి తగిలించాలి.

జీలకర్రా బెల్లం నడినెత్తిన పెట్టాక అది ఆరి గట్టిపడుతుంది, తలంబ్రాల బియ్యం ఉంగరాల్లోకి దూరిపోతాయి. రాత్రి అలసిపోయి ఉంటారు, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు దువ్వెన పట్టుకుని సాయానికొస్తారు. వద్దనండి. పిన్నులన్నీ తీయించుకుని, తల ముందుకి వంచి ఆరిన బియ్యం దులపండి. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డని జీలకర్రా బెల్లం మీద ఐదు నిమిషాలు ఉంచితే బెల్లం కరిగిపోతుంది. స్ప్రే కొట్టి గట్టిపడిన చోట కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు ఆగండి. తర్వాత అరచేతి నిండా కండీషనర్, కింద నుంచి పైకి పెద్ద పళ్ళ దువ్వెన. మందారాకు జిగురు ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టించుకుంటే ఆ రాత్రి కండీషనర్ కంటే అదే బాగా పనిచేస్తుంది.